లోపం చెప్పాను, నోటీసు వచ్చింది: నా 113 రోజుల అనుభవం

2024 జనవరి 20, శనివారం. సంక్రాంతికి తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, ఎలాగూ ఇక్కడ ఉన్నారు కదా అని, కూకట్‌పల్లిలోని మా ఇంటికే మనిషిని పిలిపించి రక్తపరీక్షలు చేయించాను. నాన్నకు మూడు నెలల షుగరు పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, అమ్మకు థైరాయిడ్. చాలా నగరాల్లో శాఖలున్న డయాగ్నస్టిక్ సంస్థే. సాయంత్రం ఆరు దాటాక, రిపోర్టు సిద్ధంగా ఉందనీ ఫలానా లింకులో చూసుకోవచ్చనీ నాన్న ఫోనుకు సందేశం వచ్చింది. నాన్నది బటన్ల ఫోను. అందులో లింకు తెరుచుకోదు కనుక ఆయన ఒక్కొక్క అక్షరం చదువుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో కొట్టుకుంటూ వచ్చాను. లింకు చివర ఎనిమిది అంకెల సంఖ్య ఉంది. నేను ఏడు అంకెలే కొట్టి ఎంటర్ నొక్కాను.

రిపోర్టు తెరుచుకుంది, కానీ అది నాన్నది కాదు. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో ఎవరో చేయించుకున్న పరీక్ష. పేరు, వయసు, ఫోను నంబరు, పంపిన డాక్టరు పేరు, ఫలితం అన్నీ కనిపిస్తున్నాయి. అది ఏ పరీక్షో ఇక్కడ రాయను; మన వైపు చాలామంది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా చేయించుకునే పరీక్ష అని మాత్రం చెప్పగలను. పక్కనే కూర్చున్న నాన్న కళ్లజోడు సర్దుకుని తెర వైపు వంగుతుంటే, ఎందుకో తెలియదు, చటుక్కున ల్యాప్‌టాప్ మూసేశాను.

నేను పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పని చేస్తున్నాను. చిరునామాలోని సంఖ్య మారిస్తే ఇంకొకరి సమాచారం బయటపడే లోపాన్ని మా వాళ్లు ఐడార్ అంటారు. వెబ్‌సైట్ల భద్రత మీద పని చేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన లోపాల పట్టికలో, ఎవరు ఏది చూడవచ్చో సరిగా అదుపు చేయకపోవడం అన్న తరగతికి మొదటి స్థానం ఇచ్చారు. ఐడార్ ఆ కోవలోదే. కాబట్టి చూడగానే అదేమిటో అర్థమైంది. అర్థం కానిది, ఆ తరువాత ఏం చేయాలన్నదే.

మర్నాడు ఆదివారం. అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలి, కానీ మరొక అపరిచితుడి రిపోర్టు తెరవడానికి మనసు ఒప్పలేదు. అమ్మానాన్నల రక్తం ఒకే గంటలో తీశారు గనుక వాళ్ల నంబర్లు పక్కపక్కనే ఉన్నాయి. అమ్మను అడిగి, ఆమె సరేనన్నాక, నాన్న లింకులో చివరి అంకెకు ఒకటి కలిపాను. అమ్మ థైరాయిడ్ రిపోర్టు వచ్చింది. పాస్‌వర్డు లేదు, ఓటీపీ లేదు. అంతటితో ఆగిపోయాను. శనివారం తెరుచుకున్న పేజీకి తీసిన ఒక్క స్క్రీన్‌షాట్‌లో పేరు, నంబరు, ఫలితం మీద నల్లరంగు పూసి దాచుకున్నాను. ఎన్ని పేజీలు తెరిచాను, ఏ సమయానికి తెరిచాను అన్నది ఒక నోటు పుస్తకంలో చేత్తో రాసుకున్నాను. మొత్తం మూడు. ఆ మూడు అనే అంకె నన్ను ఎంతగా కాపాడబోతోందో ఆ రోజు ఊహించలేదు.

జనవరి 22, సోమవారం ఉదయం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. 38 నిమిషాలు పట్టింది. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆమె ముందున్న జాబితాలో నా సమస్య లేదు. "మీ రిపోర్టు రాలేదా మేడమ్?" అని నాలుగుసార్లు అడిగింది. వచ్చిందమ్మా, ఇంకొకరిది కూడా వచ్చింది, అదే సమస్య అన్నాను. ఒక టికెట్ నంబరు ఇచ్చింది. ఆ సాయంత్రం ఆ టికెట్‌ను మూసేస్తూ సందేశం వచ్చింది: మీ రిపోర్టును మళ్లీ పంపించాము, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఇలాంటి సంగతులు ఎవరికి చెప్పాలో తెలియజేసే చిన్న పాఠ్యపు ఫైలు ఒకటి వెబ్‌సైటులో ఏ చోట, ఎలా పెట్టాలో చెబుతూ 2022 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9116 పేరుతో ఒక ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వచ్చింది. ఆ ఫైలు ఇక్కడ లేదు. సెక్యూరిటీ అన్న పేరుతో ఉండవచ్చనుకున్న చిరునామాకు మెయిల్ పంపితే నిమిషంలో తిరిగి వచ్చింది. చివరికి గోప్యతా విధానం పేజీలో అడుగున ఫిర్యాదుల అధికారి మెయిల్ దొరికింది. ఐటీ చట్టం కింద వచ్చిన 2011 నాటి నియమాల ప్రకారం వైద్య రికార్డులు సున్నితమైన వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి, అటువంటి సమాచారం సేకరించే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు వెబ్‌సైటులో పెట్టాలి, ఆయన నెలలోగా ఫిర్యాదు పరిష్కరించాలి. జనవరి 24న ఆయనకు ఒక పేజీ మెయిల్ పంపాను: లోపం ఏమిటి, ఎలా కనిపించింది, నేను ఎన్ని చూశాను, ఎలా సరిచేయవచ్చు. డబ్బు ప్రస్తావన ఎక్కడా తేలేదు. అలా తేకపోవడం కూడా అనుమానానికి కారణమవుతుందని తరువాత తెలిసింది.

పది రోజులు ఏమీ లేదు. డల్లాస్‌లో ఇదే రంగంలో పని చేసే మా తమ్ముడికి చెబితే, అక్కడి పెద్ద కంపెనీల్లో దీనికి ప్రత్యేకంగా ఒక పేజీ, ఒక బృందం, బహుమతి పట్టిక కూడా ఉంటాయన్నాడు. గూగుల్‌లో భద్రతా లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో బృందం, లోపం చెప్పిన నాటి నుంచి 90 రోజుల్లో సరిచేయకపోతే దాన్ని బయటపెడతామని గడువు పెడుతుందనీ, ఇలాంటి లోపాలను సంస్థలకు చేరవేసే అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం 45 రోజులు ఇస్తుందనీ చెప్పి, "నువ్వూ ఒక తేదీ పెట్టుకో అక్కా, తేదీ లేకపోతే వాళ్లకు అది పనే కాదు" అన్నాడు. జనవరి 22 నుంచి లెక్కపెడితే 90వ రోజు ఏప్రిల్ 21. నోటు పుస్తకంలో ఆ తేదీకి చుట్టూ గీత గీశాను. ఫిబ్రవరి 3న మన దేశంలో కంప్యూటరు భద్రతా ఘటనలు చూసే సెర్ట్-ఇన్‌కు కూడా రాశాను. 6వ తేదీన ఒక సంఖ్య కేటాయించి, సంస్థకు తెలియజేస్తున్నామని బదులిచ్చారు.

ఈ మధ్యలో నాన్న కంటి శుక్లం ఆపరేషన్ కోసం మా దగ్గరే ఉండిపోయారు. ఆయన తపాలా శాఖలో సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. రోజూ సాయంత్రం "ఏమైనా జవాబు వచ్చిందా అమ్మా?" అని అడిగి, ఒకరోజు విసుగెత్తి, "మెయిలు అందలేదని ఎవరైనా అనొచ్చు, రిజిస్టర్డ్ పోస్టు అందలేదని అనలేరు. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి పంపించు" అన్నారు. నవ్వాను. కానీ కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఆ సంస్థ రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామా వెతికి, మేనేజింగ్ డైరెక్టరు పేరిట నాలుగు పేజీల లేఖ ముద్రించాను. ఫిబ్రవరి 12న నాన్నే, కంటికి నల్లద్దాలు పెట్టుకుని, పోస్టాఫీసుకు నడిచి వెళ్లి వేసి వచ్చారు. యాభై రూపాయల లోపే అయింది. 17వ తేదీన కార్డు సంతకంతో, ముద్రతో తిరిగి వచ్చింది. 20వ తేదీన ఫోన్ మోగింది. మూడు వారాలపాటు మెయిళ్లు కదిలించలేని సంస్థను ఆ కార్డు ముక్క ఎలా కదిలించిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నాన్నకు మాత్రం కాదు.

ఫోన్ చేసిన వ్యక్తి తాను సంస్థ ఐటీ విభాగంలో పెద్ద హోదాలో ఉన్నానని చెప్పారు. లోపం గురించి అడుగుతారని నోటు పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆయన మొదటి ప్రశ్న, "మీరు ఎవరి తరఫున చేస్తున్నారు?" రెండోది, "మీకు ఎంత కావాలి?" మా నాన్న రిపోర్టు కోసం తెరిచానండీ, నాకేమీ వద్దు, సరిచేయండి చాలు అన్నాను. కాసేపు మౌనం. తరువాత, ఒక రహస్య ఒప్పందం పంపుతాము, ముందు అందులో సంతకం చేయండి, అప్పుడు వివరాలు మాట్లాడుకుందాం అన్నారు. వివరాలన్నీ మీ చేతిలో ఉన్న లేఖలోనే ఉన్నాయి కదా అంటే, "లేఖ లీగల్ వాళ్ల దగ్గరుంది మేడమ్, నేను చూడలేదు" అన్నారు. అలా ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాక, ఆ సంభాషణలో లింకు అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదని గుర్తించాను. ఆయన తెలుసుకోవాలనుకున్నది తలుపు ఎందుకు తెరిచి ఉందో కాదు, తెరిచి ఉందని చూసిన మనిషి ఎవరో.

ఫిబ్రవరి 26, సోమవారం. మధ్యాహ్నం భోజన విరామంలో ఆఫీసు క్యాంటీన్‌లో మెయిల్ చూసుకుంటే నోటీసు. అనుమతి లేకుండా సంస్థ కంప్యూటరు వ్యవస్థలోకి ప్రవేశించాననీ, సమాచార సాంకేతికత చట్టంలోని 43, 66 సెక్షన్ల కింద చర్యలకు అర్హురాలిననీ, నా దగ్గరున్న సమాచారమంతా ధ్వంసం చేసి, ఎవరికీ చెప్పనని ఏడు రోజుల్లో రాతపూర్వకంగా హామీ ఇవ్వాలనీ అందులో ఉంది. ప్లేటులో అన్నం అలాగే వదిలేశాను. చేతులు చల్లబడిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పదకొండేళ్లుగా రోజూ లోపాలు పట్టుకుని రాసి పంపడమే నా ఉద్యోగం. అదే పని ఇంటి దగ్గర చేస్తే నేరమవుతుందన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

మావారు నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, "ఆ పేజీ మూసేసి ఊరుకుంటే సరిపోయేది కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, కోపం మాత్రం ఉంది. తరువాతి వారమంతా సరిగా నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి ఇలాంటి వాళ్ల కథలే చదివాను, చదవకుండా ఉండాల్సింది. 2010లో అమెరికాలో ఏటీ అండ్ టీ వెబ్‌సైటులో సంఖ్యలు మారుస్తూ పోతే ఐప్యాడ్ కొన్నవాళ్ల మెయిల్ చిరునామాలు సుమారు 1,14,000 బయటపడ్డాయి. ఆ వ్యవహారంలో ఆండ్రూ ఆవర్న్‌హైమర్‌కు 2013 మార్చిలో 41 నెలల జైలు శిక్ష వేశారు. 2014లో పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది, కానీ అది తప్పు చేయలేదని కాదు, కేసు వేసిన ప్రాంతం సరైనది కాదని. ఆయన నాలాగా ఆగలేదనీ, లక్షకు పైగా చిరునామాలు లాగడంలో పాలుపంచుకున్నాడనీ నాకు నేను చెప్పుకునేదాన్ని. మరి 2021లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక విలేకరి చేసిందేమిటి? ప్రభుత్వ వెబ్‌సైటు పేజీ వెనకుండే కోడ్‌లో ఉపాధ్యాయుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటివి) కనిపిస్తున్నాయని గమనించి, వాటిని తొలగించేదాకా వార్త ఆపి మరీ ప్రచురించాడు. అయినా గవర్నర్ మైక్ పార్సన్ అతణ్ణి హ్యాకరని, కేసు పెట్టిస్తానని బహిరంగంగా అన్నారు. 2022 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటరు అభియోగాలు మోపడం లేదని చెప్పేదాకా ఆ నాలుగు నెలలు అతను ఎలా పడుకున్నాడో నాకు తెలుసుననిపించింది.

హిమాయత్‌నగర్‌లో ఒక న్యాయవాదిని కలిశాను. అరవై దాటిన మనిషి. మొదటి సమావేశానికి 5,000 రూపాయలు, నోటీసుకు జవాబు రాసినందుకు 12,000. ఆయన మొదట అడిగింది నోటు పుస్తకం. మూడు పేజీలే అన్న నా చేతిరాత, తేదీలు, సమయాలు చూసి, "ఇది మంచి పని చేశావమ్మా, నాలుగో పేజీ తెరిచి ఉంటే నా ఫీజు పెరిగేది" అన్నారు. ఆ రోజుల్లో నేను నవ్విన సందర్భం అదొక్కటే.

ఆయన చెప్పినదాంట్లో నాకు పనికొచ్చింది రాస్తాను. 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా వ్యవస్థలోకి వెళ్లడం గురించి చెబుతుంది, అది నష్టపరిహారం సంగతి. జైలు ఉన్నది 66లో: మూడేళ్ల వరకు శిక్ష, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే 66 వర్తించాలంటే ఆ పని నిజాయితీ లేకుండా గానీ మోసపూరితంగా గానీ చేసి ఉండాలి. మూడు పేజీలు చూసి, అందులో రెండు సొంత తల్లిదండ్రులవే అయి, రెండు రోజుల్లోనే యజమానికి చెప్పిన మనిషికి ఆ మాటలు అంటించడం కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు. సదుద్దేశంతో లోపం చెప్పేవాళ్లకు మన చట్టంలో ప్రత్యేకమైన రక్షణ ఏదీ లేదని కూడా ఆయనే చెప్పారు. సదుద్దేశంతో చేసే భద్రతా పరిశోధనపై కేసులు పెట్టవద్దని అమెరికా న్యాయశాఖ 2022 మేలో తన ప్రాసిక్యూటర్లకు మార్గదర్శకం ఇచ్చిందని తమ్ముడు పంపిన కాగితం చూపిస్తే, "బాగుంది, కానీ మనం నాంపల్లి కోర్టుకు వెళ్లాలి కదమ్మా" అన్నారు.

మార్చి 4న వెళ్లిన జవాబులో ఆయన ఒక పేరా రాశారు, దాని విలువ నాకు అప్పుడు తెలియలేదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం అనధికార ప్రవేశం, సమాచార లీకు వంటి ఘటనలను సంస్థలు తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లో తెలియజేయాలి. మా క్లయింటు చేసింది అనధికార ప్రవేశమేనని మీరు అంటున్నారు గనుక, ఆ ఘటనను మీరు ఏ తేదీన, ఏ సమయానికి తెలియజేశారో దయచేసి చెప్పగలరు అన్నది ఆ పేరా సారాంశం. దానితోపాటు, లోపం సరిచేసేదాకా లేదా ఏప్రిల్ 21 దాకా ఏమీ ప్రచురించనని నా తరఫు హామీ. నోటీసుల పరంపర అక్కడితో ఆగిపోయింది. జవాబు రాలేదు, కేసూ రాలేదు.

లోపం మాత్రం అలాగే ఉంది. ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ నాన్న లింకు ఒక్కటే, మరేదీ కాదు, తెరిచి చూసేదాన్ని. తెరుచుకునేది. తేదీ రాసి మూసేసేదాన్ని. ఆ మార్చి నెల గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు, కానీ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా అలసిపోయేలా చేసింది నోటీసు కాదు, ఆ ఆదివారాలే. లాగిన్ లేకుండా మా నాన్న క్రియాటినిన్ ప్రపంచానికంతటికీ కనిపిస్తోందని తెలిసి, ఎవరికీ చెప్పకూడని స్థితిలో దోసెలు పోయడం ఒక వింత అనుభవం. మా ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పలేదు. నియామక పత్రంలో సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే పనుల గురించి ఒక వాక్యం ఉంటుందే, అదే భయం.

ఉగాది వెళ్లిన వారానికి, ఏప్రిల్ 16న, తెలియని వ్యక్తి నుంచి సందేశం వచ్చింది. ఆ సంస్థలోనే పని చేసే ఇంజినీరు. రిపోర్టుల విభాగం మొత్తానికి తాము ముగ్గురమే ఉన్నామనీ, నా లేఖ నకలు తమ చేతికి ముందు వారమే అందిందనీ, అందులో నేను సూచించిన పద్ధతే అమలు చేస్తున్నామనీ రాసి, చివర్లో "ఇది నేను మీకు రాసినట్టు దయచేసి ఎవరికీ చెప్పకండి, థాంక్స్ అండీ" అన్నారు. ఫిబ్రవరి 15న కార్యాలయంలో అందిన లేఖ, సరిచేయగలిగినవాళ్ల బల్ల మీదికి చేరడానికి దాదాపు ఎనిమిది వారాలు పట్టిందన్నమాట. అదే భవనంలో అంతస్తు మారడానికి.

ఏప్రిల్ 18, గురువారం రాత్రి నాన్న లింకు తెరిస్తే ఓటీపీ అడిగింది. మావారిని నిద్ర లేపి చూపించాను. కానీ సంతోషం అర్ధగంట కూడా నిలవలేదు. జనవరిలో డాక్టరుకు చూపించడానికి ప్రింట్ బటన్ నొక్కినప్పుడు వేరే చిరునామాలో పీడీఎఫ్ తెరుచుకుంది, అది నా బ్రౌజరులో అలాగే ఉండిపోయింది. దాన్ని నొక్కితే ఏ ఓటీపీ లేకుండా నాన్న రిపోర్టు నేరుగా వచ్చేసింది. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు మరచిపోయారు. ఆ రాత్రే ఇంజినీరుకు, ఫిర్యాదుల అధికారికి, సెర్ట్-ఇన్‌కు ఒకేసారి రాశాను.

మూడు రోజుల్లో 90వ రోజు వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసి, "గడువు పెట్టి దాటనిస్తే ఇక నీ గడువుకు విలువేముంది అక్కా?" అన్నాడు. వాడి వాదనలో న్యాయం ఉంది, నిజానికి ఆ రంగంలో ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న వాదన అదే. అమెరికాలో ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ అనే సంస్థ వెబ్‌సైటులో ఇలాగే సంఖ్య మారిస్తే ఇళ్ల కొనుగోలు పత్రాలు దాదాపు 88.5 కోట్లు తెరుచుకునేవి. గమనించిన మనిషి చెబితే సంస్థ పట్టించుకోలేదు. 2019 మేలో విలేకరి బ్రయన్ క్రెబ్స్ చేతికి వెళ్లాకే మూతపడింది. బయటపెడితేనే కదులుతారన్నది నిజమే. అయినా నేను ఏప్రిల్ 21న ఏమీ రాయలేదు. గూగుల్ బృందం ఒక సాఫ్ట్‌వేర్ లోపం ప్రకటిస్తే వాడేవాళ్లు జాగ్రత్త పడడానికి ఏదో ఒక దారి ఉంటుంది. నేను పెరటి తలుపు సంగతి ప్రకటిస్తే, జనవరిలో నాకు కనిపించిన ఆ మనిషి తన రిపోర్టును దాచుకోవడానికి చేయగలిగింది ఏమీ లేదు. నా గడువు దాటినందుకు శిక్ష పడేది సంస్థకు కాదు. తమ్ముడు ఇప్పటికీ దీన్ని పిరికితనమనే అంటాడు.

మే 13న పోలింగు. అమ్మానాన్నలు తెనాలిలో, మేము కూకట్‌పల్లిలో ఓట్లు వేశాము. మర్నాడు, మే 14న, ఇంజినీరు నుంచి రెండు పదాలు: "చూడండి మేడమ్." పీడీఎఫ్ చిరునామా తెరుచుకోలేదు. లెక్కపెడితే 113వ రోజు. మొత్తం పనికి ముగ్గురు మనుషులకు ఎంత సమయం పట్టిందని అడిగాను. మొదటిదానికి ఒక రోజున్నర, రెండోదానికి ఒక మధ్యాహ్నం అన్నారు. మిగిలిన రోజులన్నీ అనుమతుల కోసం.

అదే వారం సంస్థ నుంచి అధికారికంగా ఒక మెయిల్ వచ్చింది. భద్రత పట్ల తమకున్న నిబద్ధత గురించి మూడు పేరాలు, నాకు కృతజ్ఞతలు ఒక వాక్యం, జతగా ఒక కూపన్: తమ ల్యాబులోనే ఒకరికి ఉచితంగా పూర్తి శరీర పరీక్షలు. నోటీసును వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక్క మాట రాయమని లాయరు ద్వారా అడిగాము. దానికి ఇంకా జవాబు రాలేదు.

జూన్ 8న లింక్డ్‌ఇన్‌లో సంస్థ పేరు లేకుండా ఈ కథను ఒక పేజీలో రాశాను. పేరు ఎందుకు రాయలేదంటే, ధైర్యం చాలక. వేరే గొప్ప కారణమేమీ లేదు. దానికి వచ్చిన స్పందనలు నేను అనుకున్నట్టు లేవు. ఎక్కువమంది అడిగింది ఎంత ఇచ్చారని. కూపన్ సంగతి చెబితే కొందరు నవ్వారు, ఒకాయన మాత్రం అదే లోపం బయట అమ్మి ఉంటే ఎంత వచ్చేదో లెక్క కట్టి పంపాడు. ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు తాము కూడా ఇలా అంకెలు మార్చి చూస్తున్నామని ఉత్సాహంగా రాశారు. వాళ్లకు రాసిన సమాధానమే నేను అందరికంటే పెద్దగా రాసింది, ముఖ్యంగా సొంత రికార్డులు దాటి ఒక్క అడుగు కూడా వేయవద్దని, వేసిన ప్రతి అడుగూ తేదీతో రాసిపెట్టుకోవాలని. పేరున్న కంపెనీలో భద్రతా విభాగం చూసే ఒకావిడ, అనుమతి లేకుండా రెండో పేజీ తెరవడమే నా తప్పు అని నిష్కర్షగా అన్నారు. అమ్మను అడిగే తెరిచాను అంటే, రికార్డు మీ అమ్మగారిదే గానీ సర్వరు ఆవిడది కాదు కదా అన్నారు. ఆ మాట ఇంకా మనసులో నలుగుతూనే ఉంది.

నేను ఊహించనిది మరొకటి జరిగింది. పేరు రాయలేదు గనుక చదివినవాళ్లు ఊహించడం మొదలుపెట్టారు, ఊహించి తప్పు సంస్థ పేరు ప్రచారంలో పెట్టారు. నాలుగో రోజున ఆ సంస్థ నుంచి ఒకరు ఫోన్ చేసి, "మా గురించేనా అండీ మీరు రాసింది? ఉదయం నుంచి డాక్టర్లు ఫోన్లు చేస్తున్నారు" అని దాదాపు ఏడుపు గొంతుతో అడిగారు. కాదని నేను వెంటనే రాశాను. దాంతో మిగిలిన పేర్లు తక్కువయ్యాయి, ఊహించడం తేలికైంది. పేరు చెప్పకపోవడం ఎవరికీ హాని చేయదని అంతవరకు అనుకునేదాన్ని.

లాయరుకు 17,000 రూపాయలు, రెండున్నర రోజుల సెలవు, పోస్టుకు ఆ యాభై లోపు, ఖర్చు ఇంతే. సంస్థ తన దగ్గర పరీక్షలు చేయించుకున్నవాళ్లకు ఏమైనా చెప్పిందా అని ఇంజినీరును అడిగాను, చెప్పలేదట. వ్యక్తిగత సమాచారం బయటపడితే ఆ వ్యక్తులకు తెలియజేయాలని చెప్పే చట్టానికి 2023 ఆగస్టులోనే రాష్ట్రపతి ఆమోదం లభించింది గానీ, నేను ఇది రాస్తున్న 2024 జులై నాటికి దాని నియమాలు రాలేదు, అమలూ కాలేదు. నాన్నకు మళ్లీ షుగరు పరీక్ష సమయం వచ్చింది. కూపన్ వాడదామా అని నవ్వుతూ అడిగితే, తెనాలిలో వాళ్ల వీధి చివరి ల్యాబులో కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇస్తారని, అక్కడే చేయించుకుంటానని అన్నారు.

వ్యవహారం ముగిసినట్టే గనుక నల్లరంగు పూసిన ఆ స్క్రీన్‌షాట్‌ను తొలగించవచ్చని లాయరు చెప్పాక, జూన్ 30న తొలగించి, తేదీ, సమయం నోటు పుస్తకంలో రాశాను. రంగు పూయక ముందు చూసిన పేరు మాత్రం గుర్తుండిపోయింది, ఊరి పేరు కూడా. ఆయన రిపోర్టు రెండేళ్లకు పైగా అలా తెరిచి ఉందని ఆయనకు చెప్పాల్సిన బాధ్యత ఎవరో ఒకరికి ఉంది కదా, నేను చెప్పవచ్చా అని లాయరును అడిగాను. "ఆ సంగతి మీకెలా తెలిసిందని ఆయన అడిగితే ఏం చెబుతావమ్మా?" అన్నారు. చెప్పలేదు.